పట్టాలు దాటాల్సిన పేరు

కంచరపాలెంలో రైలు పట్టాల వారనున్న ఆ వీధిలో బిడ్డకి పేరు పెట్టాలంటే పంతులుగారు అక్షరం చెబితే చాలదు, ఇంటర్నెట్టు అర్థం చెప్పినా చాలదు. గౌరీశ్వరి ఒకసారి పిలిచి చూడాలి. సాయంత్రం పూట రైల్వే గోడ దగ్గర నిలబడి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పట్టాల అవతలి ఖాళీ జాగా వైపు తిరిగి ఆ పేరుని మూడుసార్లు కేకేస్తుంది. అవతల సైకిల్ షాపు దాలయ్య తువ్వాలు ఎత్తి ఊపితే పేరు నెగ్గినట్టు. ఊపకపోతే తల్లిదండ్రులు ఇంకో పేరు వెతుక్కోవాల్సిందే. దీనికి ఫీజు లేదు, అప్పీలు అసలే లేదు.

బయటివాళ్ళకి ఇది వేళాకోళంలా కనిపించొచ్చు. ఆ వీధిలో ఒక్కపూట ఉండి చూస్తే కనిపించదు. పోర్టు నుంచి బొగ్గు గూడ్సులు పొద్దస్తమానం పోతూనే ఉంటాయి. ఆరేసిన బట్టలు నల్లబడతాయి, టీవీలో వార్తలు సగం వినబడతాయి, మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటూ గూడ్సు వస్తే ఆగి, అది వెళ్ళాక అక్కడి నుంచే అందుకుంటారు. పిల్లలేమో బడి వదిలితే చాలు, కాలిబాట వంతెనెక్కి అవతలి జాగాలోకి పోతారు. అన్నం వేళకి తల్లులు గోడ దగ్గరికొచ్చి పిలవాలి. ఆ పిలుపు అన్ని పట్టాలూ దాటి అవతలికి పోవాలి.

"పేరనేది రాసుకోడానికి కాదమ్మా, పిలుసుకోడానికి. రాసుకోడానికైతే నంబరు సాలదేటి?" అంటుంది గౌరీశ్వరి. దీనికి ఎదురు చెప్పిన వాళ్ళని ఆ వీధి ఇంతవరకూ చూడలేదు.

ఈ పద్ధతి మొదలవడానికి కారణం పక్కింటి పుష్ప కొడుకు. వాడికి ఎంతో ముచ్చటపడి జ్ఞానేశ్విక్ అని పేరు పెట్టుకుంది. పెట్టిన కొత్తలో బాగానే ఉంది. వాడికి కాళ్ళొచ్చి అవతలికి పోయిన మొదటి రోజు పుష్ప గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. గూడ్సు చప్పుడులో ముందరి ముక్క తప్ప మిగతా పేరంతా కొట్టుకుపోయింది. ఆటలో ఉన్న పిల్లలు ఆ మిగిలిన ముక్క పట్టుకుని వాడికి 'గ్యాసు' అని ఖాయం చేసేశారు. వాడిప్పుడు పదో తరగతి. బళ్ళో మేష్టార్లు కూడా గ్యాసనే అంటారు. తల్లి వీధిలోకొచ్చి పిలిస్తే గ్యాసు బండలు దించే కుర్రాడు ఆగి వెనక్కి చూస్తాడు. ఆ వీధి ఒకసారి నవ్విందంటే ఇక ఆ పేరు చచ్చినట్టే, మనిషి పెద్దవాడై ఉద్యోగం చేసినా దాన్ని బతికించుకోలేడు.

"ముందే నీ సేత ఓపాలి పిలిపించుంటే బాగుణ్ణప్పా," అని పుష్ప అక్క వరసైన గౌరీశ్వరిని పట్టుకుని ఏడ్చింది. అప్పటి నుంచీ పుట్టిన ప్రతి బిడ్డ పేరూ గౌరీశ్వరి గొంతులోంచి పోవాల్సిందే.

ఆవిడ తీర్పులు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రిష్విక్ అనే పేరు తెస్తే, "ఇది పేరు కాదే, తుమ్ము. నాను పిలిత్తే ఇన్నోలంతా నూరేళ్ళంతారు గానీ బిడ్డ మాత్రం రాడు," అంది. అయాన్ష్ అని ఒకళ్ళు తెచ్చారు. మూడోసారి పిలిచేసరికి గోడ దగ్గరున్న ముసలమ్మలంతా ఆవులించారు, అది పోయింది. ఘ్రాణిక అని ఇంకొకళ్ళు. గొంతులో ముల్లు దిగిందనుకుని ఎవరో అన్నం ముద్ద తెచ్చి పెట్టారట. చెప్పేవాళ్ళు కొంచెం కలిపి చెబుతారనుకోండి.

అసలు గౌరీశ్వరికి మాటంటే నోట్లో వేసుకు చప్పరించే వస్తువు. ఇంటి అరుగు మీద పొద్దున్నే ఇడ్లీలూ దిబ్బరొట్టెలూ వేసి అమ్ముతుంది. పిండి కలుపుతూ 'బొబ్బర్లు, బొబ్బర్లు' అని తనలో తనే అనుకుని కిసుక్కున నవ్వుతుంది. గుమ్మడికాయ అనే మాట నిజంగానే గుండ్రంగా ఉంటుందట. మునిసిపాలిటీ అనే మాట చెబుతుంటే మెట్లు దిగుతున్నట్టుంటుందట. ఒకసారి బ్యాంకులో కౌంటరు కుర్రాడు "నామినీ ఎవరమ్మా?" అని అడిగాడు. ఆ మాట ఆవిడ అంతకుముందు వినలేదు. "నామినీ... నామినీ... పిల్లికూనని పిలిసినట్టుంది బాబూ!" అని పడిపడి నవ్వింది. వెనకాల లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు, ఆ కుర్రాడూ నవ్వాడు. పాపం, ఆ తరవాత ఎవరిని ఆ మాట అడగాలన్నా అతనికి నవ్వొచ్చేసేదట. చివరికి పక్క కౌంటరుకి మారిపోయాడు.

గొంతు మాత్రం పుట్టుకతో వచ్చింది. శృంగవరపుకోట దగ్గర పల్లె. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి, చోడి చేలో ఆ చివరనున్న తండ్రిని అంబలికి పిలిచేదట. తండ్రితో పాటు పక్క చేలవాళ్ళూ వచ్చేసేవారు. పెళ్ళయ్యాక పోర్టులో క్రేను నడిపే శ్రీరామ్మూర్తి వెంట ఈ వీధికొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో అందరి పేర్లూ అరిచిన ఆ మనిషి మొగుడి పేరు మాత్రం ఒక్కసారీ పైకి అనలేదు. వాళ్ళ వైపు పెళ్ళాలు అనరు. ఓట్ల లెక్కలవాళ్ళొచ్చి భర్త పేరడిగితే గోడ మీది క్యాలెండర్లో రాముడిని చూపించి, "ఈయనే. ముందల స్రీ, ఎనక మూర్తి," అంటుంది. శ్రీరామ్మూర్తి రిటైరై ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. ఆయనకి తన పేరు భార్య నోట ఎలా ఉంటుందో తెలీదు, తెలుసుకోవాలన్న సరదా కూడా ఉన్నట్టు లేదు.

వీళ్ళకి ఒక్కడే కొడుకు, దేవీప్రసాద్. స్టీల్ ప్లాంటులో పని. అక్కడే పనిచేసే చలమయ్యగారి అమ్మాయి హిమబిందుని చేసుకున్నాడు. చలమయ్యగారిది గోదావరి వైపు. ఉద్యోగానికొచ్చి ఉక్కునగరం క్వార్టర్స్‌లో స్థిరపడ్డ కుటుంబం. చక్కటి సెక్టారు, చెట్లు, వెడల్పాటి రోడ్లు. కానీ అక్కడ గట్టిగా మాట్లాడేవాళ్ళుండరు. ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుని ఉంటారు. హిమబిందు పుట్టిందీ పెరిగిందీ గుసగుసల్లోనే. వాళ్ళమ్మ కామేశ్వరి కుక్కరు విజిల్ వేస్తుందని పప్పు మట్టుకు పక్కవాళ్ళింట్లో ఉడికించుకొచ్చేది. ఆ పక్కవాళ్ళాయనకి పగటి షిఫ్టు పడిన వారం అన్నమాట.

అలాంటి పిల్ల ఈ గూడ్సు బళ్ళ వీధికి కోడలై వచ్చింది. వంటింట్లోంచి "ఏవండీ" అంటే వరండాలో ఉన్న మొగుడికి వినబడదు. అందుకని మిస్డ్ కాల్ ఇచ్చేది. వీధిలో వాళ్ళు మొదట పొగరనుకున్నారు. తరవాత మూగదేమో అనుకున్నారు. "నీ కోడలు ఇంట్లో ఉందా, ఊరెల్లినాదా?" అని చేపలమ్మే పోతమ్మ ఎదురుగా ఆ పిల్లని పెట్టుకునే అడిగింది. హిమబిందు సిగ్గుపడి లోపలికెళ్ళిపోయింది.

గౌరీశ్వరికి మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. బిందమ్మా, బిందమ్మా అని పిలుచుకుంటుంది. పేరులో ముందు ముక్క ఎందుకు వదిలేస్తోందో ఎవరూ అడగలేదు. ఆవిడకీ ఆ ఆలోచన రాలేదు. ముద్దుపేరు కదా అనుకున్నారు.

హిమబిందుకి పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. కబురందగానే గౌరీశ్వరి దిబ్బరొట్టెల పెనం దించేసి, సిటీ బస్సెక్కి ఉక్కునగరం పోయింది. గుమ్మంలో కామేశ్వరి పెదాల మీద వేలు పెట్టి ఎదురొచ్చింది. చలమయ్యగారు లోపలి గదిలో పడుకున్నారు. మనవరాల్ని చేతుల్లోకి తీసుకున్న గౌరీశ్వరికి ఊరంతా వినబడేలా అరవాలనిపించింది. నోరు రెండు చేతులతో మూసుకుందామంటే చేతుల్లో పిల్ల ఉంది. దేవీప్రసాద్ దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"అమ్మా, పేరు అనుకున్నాం. హృతిక్ష."

"ఏటి?"

"హృతిక్ష."

గుసగుసల వల్ల అందలేదనుకుని గౌరీశ్వరి తలూపేసింది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాపులో కొడుకుని పట్టుకుని గట్టిగా చెప్పమంది. వాడు గట్టిగానే చెప్పాడు.

"ఉరుతిచ్చ," అంది.

"కాదమ్మా. హృ. తి. క్ష."

"రుతిచ్చ."

"క్ష అమ్మా, క్ష. లక్షలో క్ష."

"అదే కదరా అన్నాను, లచ్చలో చ్చ."

దేవీప్రసాద్ నవ్వి, బస్సొస్తే ఎక్కించేశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గౌరీశ్వరి ఆ పేరుతో కుస్తీ పట్టింది. హ అనబోతే గాలి వస్తోంది గానీ మాట రావడం లేదు. క్ష అనబోతే నాలుక సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. "హు... హుహు... క్... క్చ్..." అంటుంటే పక్క సీటావిడ కంగారుపడి నిమ్మకాయ తీసి వాసన చూడమని ఇచ్చింది. కిటికీ వైపు తల పెట్టుకోమని కూడా చెప్పింది.

మొదట్లో గౌరీశ్వరి అలవాటు ప్రకారం తప్పు పేరుదే అనుకుంది. 'ఇదేం పేరు, కాలవలో జారి పడినట్టు' అని ఒక తీర్పు కూడా తయారు చేసుకుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మాత్రం వరసగా గుర్తొచ్చాయి. దీక్షిత. అక్షర. సాక్షి. తను కొట్టేసిన పేర్లు. అన్నిట్లోనూ ఇదే ముడి. కోడలు ఒట్టి బిందమ్మ కావడం వెనకా ఆ రాని హయే ఉంది. ఆ పేర్లు బాగోలేదని కొట్టేసిందా, తన నోరు తిరక్క కొట్టేసిందా? వీధిలో ఇంకెవరికైనా ఈ సంగతి తట్టి ఉంటుందేమోనని పంపు దగ్గర అటూ ఇటూ చూసింది.

అవమానం సంగతి అలా ఉంచండి. అసలు భయం వేరు. ఊళ్ళో పిల్లలందరినీ పేరుపెట్టి పిలిచిన మనిషి రేపు సొంత మనవరాల్ని పిలవలేదు. తాను తప్పుగా పిలిస్తే వీధి నవ్వుతుంది. వీధి నవ్విందంటే ఆ పసిగుడ్డు జీవితాంతం ఉరుతిచ్చే. పుష్ప కొడుకు గ్యాసు కావడానికి గూడ్సు కారణం. ఈ పిల్లకి ఆ గతి పడితే కారణం నాయనమ్మ. ఇది తలుచుకుంటే ఆవిడకి అన్నం సయించలేదు.

"పేరు మార్సమని బాబుకి సెప్పు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఎలాగ సెప్పడం? కడుపుతో ఉన్నన్నాళ్ళూ మంచం మీద పడుకుని ఆ పిల్ల ఏరుకున్న పేరది. మనింటికొచ్చాక నాకిది గావాలని అడిగిందేటి? ఇదొక్కటీ అడిగింది. నాను నోరు తిరగదని సెప్పి అదీ లాక్కోనా?"

ఆయన పేపరు తీసుకున్నాడు.

గౌరీశ్వరి సాధన మొదలెట్టింది. రుబ్బురోలు ఆడుతుంటే ఆ చప్పుడు చాటున, పోర్టు గూడ్సు పోతుంటే ఆ చప్పుడు చాటున. పెరట్లో కట్టేసిన మేకలకి ఆకులేస్తూ వాటి ముందు. మేకలు ఏ అభిప్రాయమూ చెప్పలేదు. పోతమ్మ ఒకసారి చూసి, "ఏటప్పా, పళ్ళు పీకించినావేటి?" అని అడిగింది. పళ్ళన్నీ ఉన్నాయని నోరు తెరిచి చూపించాల్సొచ్చింది.

మూడో నెలలో పిల్లని తీసుకొచ్చి కంచరపాలెంలోనే బారసాల చేద్దామనుకున్నారు. ముందు రోజే చలమయ్యగారూ కామేశ్వరీ కూతుర్నీ మనవరాల్నీ తీసుకుని వచ్చేశారు. గౌరీశ్వరి వంటింట్లో బూరెల పప్పు చూసుకుంటుంటే హిమబిందు వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుంది.

"అత్తయ్యగారూ, సాయంత్రం పాప పేరు గోడ దగ్గర పిలుస్తారా?"

గౌరీశ్వరి వెనక్కి తిరక్కుండా గరిటె తిప్పింది. "ఇప్పుడవన్నీ ఎందుకు బిందమ్మా? మన బిడ్డకి పరీచ్చేటి?"

"అందరి పిల్లలకీ పిలిచారటండీ. మన పాపకి పిలవకపోతే, కోడలు వద్దందనుకుంటారు. ఇప్పటికే నన్ను..." ఆ పిల్ల ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా కూతురైనా ఈ వీధి పిల్లవ్వాలని ఉందండీ."

ఈ మాట విన్నాక ఎవరు మాత్రం కాదంటారు? గౌరీశ్వరి సరేనంది. అని, బూరెల్లో బెల్లం రెండుసార్లు వేసేసింది.

సాయంత్రానికి గోడ దగ్గర సంతలా జనం. పుష్ప వచ్చింది, గంప దించి పోతమ్మ కూర్చుంది, పిల్లలు గోడెక్కారు. కామేశ్వరి పాపని ఎత్తుకుని నిలబడింది. చలమయ్యగారు చేతులు కట్టుకుని, గుళ్ళోకొచ్చినట్టు మర్యాదగా ఒక పక్కకి నిలబడ్డారు. పట్టాల అవతల దాలయ్య సైకిలు చక్రం వదిలి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

గౌరీశ్వరి కుచ్చెళ్ళు దోపింది. గుండెల నిండా గాలి పీల్చింది. "రు..." అని ఆగిపోయింది. దగ్గింది. మళ్ళీ పీల్చింది. "హూ..." ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు వినగానే ఆవిడ నోరు మూసేసుకుంది. ఇంకొక్క అక్షరం తన నోట్లోంచి వంకరగా పడితే మనవరాలి పేరు గోవిందా.

"గొంతు పట్టేసినాది," అంది. "బిందమ్మా, నువ్వే పిలు."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పొద్దున్నే అదే గొంతు పాలవాడిని రెండు వీధుల అవతల నుంచి వెనక్కి రప్పించింది మరి. హిమబిందు ఒక అడుగు వెనక్కేసింది. "నేనా అండీ?" అంది. ఆ అన్నది పక్కనున్న పుష్పకే సరిగా వినబడలేదు.

మొదటి పిలుపు గోడ కూడా దాటలేదు. పోతమ్మ, "మొదలెట్టినాదేటి?" అని అడిగింది. నవ్వులు. రెండో పిలుపు గోడ దాటి మొదటి పట్టా దగ్గర పడిపోయింది. అవతల దాలయ్య తువ్వాలు తియ్యలేదు. ఇంతలో పోర్టు వైపు నుంచి గూడ్సు కూత. హిమబిందు చూపు గోడకే అతుక్కుపోయింది. గౌరీశ్వరికి ఇంక తన పరువు సంగతి గుర్తులేదు. కోడలి వెనక్కి వెళ్ళి రెండు భుజాలూ పట్టుకుంది.

"గోడని సూడకమ్మా. అవతల జాగా సూడు. నీ బిడ్డ అక్కడుంది, ఆటలో ఉంది. అన్నం సల్లారిపోతంది, రైలొచ్చెత్తంది. అది రావాల. బొడ్డు కాడి నుంచి తియ్యి. ఎవులు పడుకున్నా పరవాలేదు, ఇక్కడ ఎవులూ పడుకోరు. పిలు!"

హిమబిందు అవతలికి చూసింది. కళ్ళు మూసుకుంది. పిలిచింది.

ఆ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లకే తెలీదు. పుట్టినప్పటి నుంచీ మింగిన కేకలన్నీ ఒక్కసారి బయటికొచ్చినట్టున్నాయి. గోడ మీది పిల్లలు చెవులు మూసుకున్నారు. అవతల ఆట ఆగిపోయింది. కామేశ్వరి చేతిలోని పాప నిద్రలో ఉలిక్కిపడి, ఏడుపు లంకించుకుంది. చలమయ్యగారు కట్టుకున్న చేతులు విప్పేశారు. "మా బిందేనా?" అన్నారు భార్యతో. "ఇంత గొంతుందా దీనికి? నా నిద్ర కోసం ఇదంతా అణిచిపెట్టుకుందా?" ఆయనకి దుఃఖం వచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు గూడ్సు వచ్చి అడ్డం పడింది. పెట్టె తరవాత పెట్టె, ఎంతకీ అవదు. అది వెళ్ళిపోయాక అందరూ అవతలికి చూస్తే తువ్వాలు లేదు. దాలయ్యే లేడు. షాపు ముందు బోర్లించిన సైకిలు చక్రం ఒక్కటే తిరుగుతోంది.

"పేరు పోయినాదప్పా," అంది పుష్ప మెల్లగా. హిమబిందు తల దించుకుంది. గౌరీశ్వరి కోడలి భుజాలు వదల్లేదు.

"అదుగో, దాలయ్య!" అని ఒక పిల్లాడు అరిచాడు. వంతెన మెట్లు దిగి, చేతులకి గ్రీజుతో, రొప్పుతూ వస్తున్నాడు.

"ఏటప్పా, ఏటైనాది? ఎవులు పిలిసినారు నన్ను?"

"నిన్నెవులు పిలిసినారు?" అంది గౌరీశ్వరి. "తువ్వాలూపరా అంటే షాపొగ్గేసి వచ్చేసినావేటి?"

"ఏమోనప్పా. ఆ కేక ఇనేసరికి నిలబడలేకపోనాను. మా యమ్మ పిలిసినట్టనిపించింది. పనొగ్గేసి వచ్చీసినాను."

"మరి పేరెలాగ ఇనిపించినాది?"

"పేరా? పేరేటి?" దాలయ్య తెల్లబోయాడు. "అవతలికి ఏ పేరూ ఇనిపించదు కదప్పా. ఎప్పుడూ ఇనిపించలేదు. సివరాకర్న 'ఆ' అనో 'ఈ' అనో తోక వత్తాది, అంతే."

గౌరీశ్వరి ఒక అడుగు ముందుకేసింది.

"ఇనిపించకపోతే ఇన్నాళ్ళూ తువ్వాలెలాగ ఊపినావురా?"

"నిన్ను సూసి ఊపినాను. పిలిసీసి నువ్వు నడుం మీద సెయ్యేత్తే పేరు నీకు నచ్చనేదని ఊరుకునేవోడిని. సెయ్యి ఒగ్గేత్తే ఊపేవోడిని. నువ్వలాగే సేయమన్నావనుకున్నాను!"

అంతే, వీధి వీధంతా భగ్గుమంది. పుష్ప ముందుకొచ్చేసింది. "మా సెల్లి దాని కూతురికి దీచ్చిత అని పెట్టుకుంటానంటే నువ్వు నడుం మీద సెయ్యేసినావు! ఇప్పుడది ముసిలమ్మ పేరెట్టుకుని నూకాలై కూసుంది కాదా!" ఇంకొకావిడ తన మనవడి సంగతెత్తింది. పోతమ్మకి ఏ మనవడి గొడవా లేదు గానీ, అందరూ అరుస్తున్నారు కదా అని తనూ అరిచింది. దాలయ్య తానేం తప్పు చేశాడో తెలీక శ్రీరామ్మూర్తి వెనక్కి చేరి, "బావా, నాను ఉన్నమాట సెప్పినాను, ఇదేటి?" అంటున్నాడు.

గౌరీశ్వరి గోడ మీద కూలబడింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కొంగు తీసి, లేచి నిలబడింది.

"నాకు నోరు తిరగదర్రా," అంది. మొదటిసారి ఆ వీధి ఆవిడ గొంతు కోసం చెవి ఒగ్గాల్సొచ్చింది. "ఆ చ్చ నాకు రాదు. రాని పేర్లన్నిటికీ బాగోలేదన్నాను. నాకే తెల్దు, ఇప్పుడిప్పుడే తెలిసినాది. నా మనవరాలి పేరు కూడా నాకు రాదు."

ఎవరూ నవ్వలేదు. నూకాలు పెద్దమ్మ పుష్ప కూడా నవ్వలేదు. హిమబిందు కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"పేరు మార్చేద్దామండీ అత్తయ్యగారూ," అంది. ఇప్పుడు అందరికీ వినబడింది.

"మార్సకు. దాలయ్య సేత షాపు మూయించిన పేరది. మారిస్తే ఊరుకోను."

మర్నాడు బారసాల. బూరెలు మరీ తియ్యగా ఉన్నాయని అందరూ అన్నారు, అందరూ తిన్నారు. పంతులుగారు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయించారు. దేవీప్రసాద్ చదివాడు, చలమయ్యగారు చదివారు, హిమబిందు మళ్ళీ ఓసారి గట్టిగా చదివితే పుష్ప చప్పట్లు కొట్టింది. ఇంక నాయనమ్మ వంతు. ఉయ్యాల్లోని బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. పంతులుగారు గంట ఆపారు. వీధిలోంచి వచ్చిన వాళ్ళంతా మెడలు సాచారు. పాపని ఈసారి ఆవిడ ఏమని పిలుస్తుందోనని గ్యాసు కూడా కిటికీలోంచి తల దూర్చాడు.

గౌరీశ్వరి ఉయ్యాల మీదికి వంగింది. కొంగు అడ్డం పెట్టుకుంది. పాప చెవికి నోరానించి, ఏదో అంది. రెండోసారి అంది. మూడోసారీ అంది. ఊరంతా వినేలా బతికిన మనిషి ఏం చెప్పిందో పక్కనున్న మొగుడికి కూడా వినబడలేదు. పాప మాత్రం కాళ్ళు తన్నుకోవడం ఆపి ఆ మొహం కేసే చూస్తూ ఉండిపోయింది.

"ఏమని పిలిచారండీ, అత్తయ్యగారూ?" అంది హిమబిందు.

గౌరీశ్వరి లేచి నడుం సవరించుకుంది. "అది నాకూ దానికీ మద్దినమ్మా. నీకెందుకు?" అని, బూరెల పళ్ళెం అందుకుని వడ్డనకి పోయింది.